సిలువ దారిలో నా కుడి పిక్క

మా విచారణలో, అంటే మా చర్చి కిందికి వచ్చే నాలుగైదు కాలనీల్లో, నన్ను గొప్ప భక్తిపరుడనుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను తప్పు పట్టను. అలా అనుకోవడానికి వాళ్లకొక కారణం దొరికింది. ఆ కారణం నా కుడికాలి పిక్కలో ఉండేది.

నేను బొగ్గుగనిలో షాట్‌ఫైరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బండకు బెజ్జాలు వేయించి, వాటిలో మందుగుండు పెట్టించి, మనుషులందర్నీ దూరం తరిమి, పేల్చడం నా ఉద్యోగం. మనుషుల్ని తరమడంలో నాకు మంచి పేరుండేది. మణుగూరు నుంచి పినపాక పోయే దారిలో ఒక కాలనీలో నేను, నా భార్య ఉంటాం. కూతురు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటుంది. బడిలో టీచరు. మా ఇంటికి రెండిళ్ల అవతల నా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు. గనిలో మట్టీ బొగ్గూ మోసే డంపర్ లారీ నడిపాడు. నేను ఏ పని చేసినా దాన్ని తానైతే ఇంకా బాగా చేసేవాడినని వాడి గట్టి నమ్మకం. నేను పెళ్లి చేసుకున్నది వాళ్ల అక్కనే కాబట్టి ఆ ఒక్కదానికి మాత్రం వాడు పోటీకి రాలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మా దగ్గర సిలువ మార్గం వీధుల్లో జరుగుతుంది. చర్చి దగ్గర మొదలుపెట్టి, కాలనీ దాటి, ఊరి చివరి గుట్ట ఎక్కుతాం. దారిలో, ఏసు సిలువ ప్రయాణంలోని ఒక్కో ఘట్టానికి ఒకటి చొప్పున, పద్నాలుగు స్థలాలు. ఒక్కో స్థలం దగ్గర ఆగి, ప్రార్థన చెప్పి, పాట పాడి, మోకరించి, మళ్లీ నడవాలి. ముందు సిలువ మోసేవాడు, వెనక ఫాదర్‌గారు, ఆ వెనక జనం. మాది అట్టతో చేసిన సిలువ కాదు. మూతపడ్డ పాత గనిలో కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలను తెచ్చి మా నాయిన తరం వాళ్లు చేశారు. ఐదో స్థలం దగ్గర, ఏసుకు దారిన పోయే మనిషి ఒకడు సాయం పట్టినట్టుగా, ఇంకొకడు వచ్చి సిలువ తోక ఎత్తుకుంటాడు. అక్కణ్నుంచి చివరిదాకా మోత ఇద్దరిదీ.

ముందు భాగం నాది, తోక బామ్మర్దిది. ఎన్నో ఏళ్లుగా ఇంతే. ప్రతి ఏడూ తపస్సుకాలం, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల నలభై రోజులు, రాగానే వాడు వచ్చి, బావా, ఈసారి ముందు నేనుంటా, నువ్వు తోక పట్టు అంటాడు. ప్రతి ఏడూ నేను వాడికి చాయ్ పోయించి పంపిస్తాను. భక్తి వల్ల వదలలేదని చెబితే అబద్ధమవుతుంది. ఊరంతా నోరు మూసుకుని నా వెనక నడిచే రోజు ఏడాదిలో అదొక్కటే. నా భార్యతో సహా. అంత సుఖాన్ని బామ్మర్దికి ఎవరిస్తారు?

ఇక పిక్క సంగతి. రిటైరైన కొత్తలో, ఇంటి నుంచి మార్కెట్‌కు నడుస్తుంటే కుడి పిక్క గట్టిగా పట్టేయడం మొదలైంది. లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉండేది. ఆగితే కాసేపట్లో ఏమీ లేనట్టే పోయేది. మళ్లీ నడిస్తే, దాదాపు అంతే దూరంలో మళ్లీ వచ్చేది. కూర్చుంటే లేదు, పడుకుంటే లేదు, మోటార్ సైకిలెక్కితే లేదు. నడిస్తేనే ఉంది. నాకది జబ్బులాగా అనిపించలేదు, అవమానంలాగా అనిపించింది. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆగడానికి సాకులు వెతుక్కున్నాను.

మొదట ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. అవతల ఎవరూ లేకుండా ఎంతసేపని మాట్లాడతాం? తరువాత మనుషుల్ని పలకరించడం మొదలుపెట్టాను. పిక్క ఎక్కడ పట్టేస్తే అక్కడ ఉన్న మనిషిని, బాగున్నావా, పిల్లలేం చేస్తున్నారు, మీ నాయినకు షుగర్ తగ్గిందా అని అడిగేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనుషుల్ని తరిమిన నోరు ఇది. రిటైరయ్యాక మనిషి ఎంత మారాడని కాలనీలో చెప్పుకున్నారు. వార్డు మెంబరుగా నిలబడమని కూడా ఎవరో అడిగారు. సంత రోజున చర్ల వైపు ఊళ్ల నుంచి వచ్చి ఇప్పపువ్వు అమ్మే ఒకామె సరిగ్గా నా నొప్పి వచ్చేచోట కూర్చునేది. నేను తెలుగులో బేరం చేసేవాణ్ణి, ఆమె కోయలో ఏదో చెప్పేది. నాకు పువ్వు అక్కర్లేదు, ఆమెకు నా బేరం అక్కర్లేదు. నొప్పి తగ్గేదాకా ఇద్దరం మర్యాదగా మాట్లాడుకునేవాళ్లం.

ఒక్కచోట మాత్రం ఇబ్బంది వచ్చింది. ఇంకో మలుపులో పిక్క పట్టేసే చోట ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటికి పెళ్లీడు అమ్మాయి ఉంది. నేను రోజూ వాళ్ల గేటు పట్టుకుని నిలబడుతుంటే, బామ్మర్ది కొడుక్కి సంబంధం చూస్తున్నానని వాళ్లు అనుకున్నారు. చాయ్ ఇచ్చారు, బిస్కెట్లు పెట్టారు. ఒక రోజు అమ్మాయి జాతకం అక్కర్లేదు కదా, మనం మనం క్రైస్తవులమే కదా అన్నారు. ఆ మర్నాటి నుంచి మార్కెట్‌కు చుట్టుదారిన పోయాను. అది ఇంకా దూరం, ఇంకొక ఆగుడు ఎక్కువైంది.

కానీ గుడ్ ఫ్రైడే రోజు నాకు ఏ సాకూ అవసరం లేకపోయింది. అప్పటి ఫాదర్‌గారు పెద్దవారు, మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచేవారు. ఆయన ప్రార్థనలు ఆయన నడక కంటే మెల్లగా ఉండేవి. స్థలానికీ స్థలానికీ మధ్య దూరం నా పిక్క ఓర్చుకునేంతే ఉండేది. నొప్పి మొదలయ్యే వేళకు స్థలం వచ్చేది, పాట అయ్యేసరికి నొప్పి పోయేది. నేను మోకాళ్ల మీద ఉండి, లేవడానికి ఇంకా సమయం తీసుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి ఉండేవాణ్ణి. అది చూసి వెనక ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. మా కాలనీలో నా భక్తి పుట్టింది అలాగే.

తరువాత ఆ ఫాదర్‌గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన కుర్రాడు, బుల్లెట్ బండి మీద తిరిగేవాడు, ప్రతిదీ టైముకు కావాలనేవాడు. ఎండ ముదరకముందే అయిపోవాలని ప్రార్థనలు సగానికి కోశాడు. గుట్ట మీదికి కొత్త దారి పెట్టాడు, స్థలాలు దూరం దూరంగా పడ్డాయి. ఆ ఏడు గుట్ట ఎక్కేచోట, రెండు స్థలాల మధ్యలో, నా పిక్క మొండికేసింది. అడుగు పడలేదు. నడిరోడ్డు మీద ఆగిపోయాను. సిలువ దించి, దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను. కాలనీ ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. సాయంత్రానికి అది పాల్వంచ దాకా పోయింది. బామ్మర్ది మాత్రం, బావ సినిమాల్లోకి పోవాల్సింది, గనిలోకి ఎందుకొచ్చిండో అన్నాడట.

ఆ వీడియో ఖమ్మంలో కూతురు చూసింది. అందరూ నా మొహం చూశారు, అది నా చెయ్యి చూసింది. ఆ చెయ్యి సిలువను వదిలేసి పిక్కను పిసుకుతోంది. వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేసి, నాయిన కాలు చూడు అంది.

మర్నాడు పొద్దున నా భార్య, కూరగాయలకు పోదాం పద అని నన్ను వెంటబెట్టుకుని నడిచింది. నేను ఫోన్ తీయబోతే లాక్కుంది. ఒకాయన్ని పలకరించబోతే, వాళ్లంతా బాగానే ఉన్నారు, పద అని తానే జవాబు చెప్పింది. చెప్పు తెగిందన్నాను. చేత్తో పట్టుకో అంది. చివరికి కల్వర్టు మీద కూలబడ్డాను. అప్పుడు నా ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"కాలు నొస్తుందని చెప్పనీకి నీకేం రోగమొచ్చింది?"

ఆమె కోపంతో ఏడ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఏడవడం ఆమెకు అలవాటు, నవ్వొచ్చినా నేను నవ్వకుండా ఉండటం నాకు అలవాటు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఖమ్మంలో రక్తనాళాలు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. మా కూతురి ఈడుది. నన్ను పెద్దాయనా అని పిలిచింది, అదే నాకు నచ్చలేదు. చేతికి కట్టి బీపీ చూసిన పట్టీని తీసి మళ్లీ నా కాలి చీలమండ పైన కట్టింది. కొత్తగా వచ్చిందేమో, ఎక్కడ కట్టాలో తెలియట్లేదని నా భార్య చెవిలో చెప్పాను. నా భార్య నా తొడ గిల్లింది. డాక్టరమ్మ విన్నట్టుంది. చేతిలో ఉన్న ఒత్తిడి కాలిలో లేదు పెద్దాయనా, అది తెలుసుకోవడానికే రెండుచోట్లా కట్టానని నవ్వుతూ చెప్పింది. తరువాత చల్లటి జెల్ పూసి తొడ మీద స్కానింగ్ చేసింది. మిషన్‌లో ఎడమ తొడ రక్తం పారే చప్పుడు బాగా వినపడింది. కుడివైపు మోకాలి పైకి వచ్చేసరికి అది సన్నటి ఈల అయిపోయింది.

అక్కడ నాళం పూడుకుపోయిందట. ఊరికే కొవ్వు కాదు, సున్నం పేరుకుని గట్టిపడిందట. కూర్చున్నప్పుడు వచ్చే రక్తం కాలికి సరిపోతుంది, నడిస్తే పిక్క ఎక్కువ అడుగుతుంది, అంత రక్తం వచ్చే దారి లేదు, అందుకే ఆ నొప్పి. బీడీలు తాగుతారా అని అడిగింది. గనిలోకి అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు కాబట్టి, పైకి వచ్చాక నేనూ బామ్మర్దీ కలిసి ఆ లోటంతా తీర్చుకునేవాళ్లం. మా చుట్టూ అడవిలో కోసిన తునికాకే బీడీగా చుట్టుకుని తిరిగొచ్చేది. స్వంత ఊరి సరుకని నేను ఎప్పుడూ కాదనలేదు. రోజుకు ఎన్ని తాగుతానో నా భార్యే, నేను దాచినవి కూడా కలిపి చెప్పింది.

నాళంలోకి తీగ, బెలూను పంపి దారి తెరిచే పని ఇప్పుడే అక్కర్లేదని, ముందు బీడీ మానాలని, మాత్రలు వేసుకోవాలని, నడవాలని డాక్టరమ్మ చెప్పింది. ఎట్లా నడవాలో కూడా చెప్పింది.

"నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవండి. ఆగండి. తగ్గాక మళ్లీ నడవండి. రోజూ ఇదే పని."

నేను పగలబడి నవ్వాను. సిలువ మార్గమే మందని నాకు ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు. నా భార్య ఇంకోసారి గిల్లింది.

బీడీ మానేశాను. మానేసిన మొదటి వారంలో నా భార్య నాతో మాట్లాడలేదు, నేనే ఆమెతోనూ బామ్మర్దితోనూ పోట్లాడాను. బడి మైదానం చుట్టూ రోజూ తిరిగాను. బామ్మర్ది వచ్చి పిట్టగోడ మీద కూర్చుని, బీడీ వెలిగించుకుని, క్రికెట్ చెప్పినట్టు నా నడక గురించి చెప్పేవాడు. రమ్మంటే, నాకేం ఖర్మ, నాకు బండి ఉంది గద అనేవాడు. నెలలు గడిచేసరికి మార్కెట్ దాకా ఒక్కసారే ఆగి పోగలిగాను. ఇప్పపువ్వు ఆమెను పలకరించకుండా దాటిపోతే ఆమె ఏదో అన్నది. తిట్టే అయి ఉంటుంది.

కానీ గుట్ట ఎక్కలేకపోయాను. రహస్యంగా రెండుమూడు సార్లు ప్రయత్నించాను. ఎక్కుడు మొదలైన చోటే పిక్క పట్టేసేది. తపస్సుకాలం దగ్గరపడింది. ఒక రోజు కుర్ర ఫాదర్‌గారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే, ముక్కుసూటిగా మాట్లాడతారు. కాలు సరిగ్గా లేకపోతే ఈ ఏడు ముందు భాగం మీ బామ్మర్దికి ఇద్దాం, మీరు జనంలో నడవండి అన్నారు. అప్పుడు బామ్మర్ది అక్కడే ఉన్నాడు. వాడి మొహం వెలిగిన తీరు చూసి నాకు ఒళ్లు మండింది. తోక పట్టమన్నా పట్టేవాణ్ణేమో, జనంలో నడవమన్నారు. ఇన్నేళ్లుగా నా వెనక నడిచిన వాళ్లతో కలిసి, బామ్మర్ది వీపు చూస్తూ.

మర్నాడే ఖమ్మం పోయాం. కాలు వల్ల మీరు ఏ పని చేయలేకపోతున్నారని డాక్టరమ్మ అడిగింది. సిలువ గురించి చెప్పడానికి నోరు రాక, మార్కెట్‌కు పోలేకపోతున్నానన్నాను. పక్కనుంచి నా భార్య, ఈయన మార్కెట్‌కు పోయి ఏనాడు మంచి వంకాయ తెచ్చిండు, గుట్ట ఎక్కలేడు, సిలువ మోయలేడు, అందుకే ముద్ద దిగుతలేదు అని చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గుట్ట ఎంత ఎత్తు, సిలువ ఎంత బరువు, ఎక్కడ ఆగుతారని వివరంగా అడిగింది. నడకా మాత్రలూ చేయగలిగింది చేశాయి, ఇక నాళం తెరిచి చూద్దాం అంది.

ఏమేం పద్ధతులున్నాయో విడమర్చి చెప్పింది. గజ్జల్లో చిన్న బెజ్జం వేసి, సన్నటి తీగను రక్తనాళంలో నుంచి పూడిక దాటిస్తారు. దాని మీదుగా బెలూను పంపి ఉబ్బిస్తే దారి పెద్దదవుతుంది. మామూలు బెలూనుకు గట్టి సున్నం లొంగదు, ఒక్కోసారి నాళం గోడే చీలుతుంది. జాలీలాంటి స్టెంటు పెట్టొచ్చు, కానీ తొడ మడతపడి మెలితిరిగే చోటు కాబట్టి తప్పనిసరైతేనే. గీకి తీసే పరికరాలున్నాయి. ఏదీ కుదరకపోతే బైపాస్ ఆపరేషన్. నాకు మాత్రం ముందు ఇంకొక రకం బెలూను వాడతానంది. దాంట్లో నుంచి చిన్న చిన్న షాక్‌లు వస్తాయట, అవి మెత్తటి గోడను వదిలేసి, గట్టి సున్నాన్ని మాత్రం పగలగొడతాయట. తరువాత మళ్లీ పూడకుండా మందు పూసిన బెలూనుతో కాసేపు అదిమి పట్టి, దాన్ని బయటికి తీసేస్తారట.

పగలగొట్టడం అనగానే నేను నిటారుగా కూర్చున్నాను. ఇది నా సబ్జెక్టు. బెజ్జం ఎంత లోతు, ముక్కలు ఎటు పడతాయి, పక్క గోడకు పగులు రాకుండా ఏం చేస్తారు, పేల్చేటప్పుడు మీరెక్కడ నిలబడతారని అడిగాను. ఏమీ పేలదు పెద్దాయనా, చప్పుడు తరంగాలు అంతే, ముక్కలు పడవు, సున్నం ఉన్నచోటే బీటలు వారి మెత్తబడుతుంది అంది. కొంచెం నిరాశపడ్డాను.

ఆ రోజు వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు గజ్జలకే ఇచ్చారు, నేను మెలకువగా ఉన్నాను. ఎడమ గజ్జల్లో గుచ్చి, నడుం దగ్గర మలుపు తిప్పి, కుడికాల్లోకి తీగ పంపారు. తెర మీద నా కాలి నాళం ఎండాకాలపు వాగులాగా కనిపించింది. రంగు మందు ఎక్కించినప్పుడు కాలంతా వేడెక్కింది. అంతవరకు నేను బుద్ధిగానే ఉన్నాను. గనిలో పేల్చేవాణ్ణి నేను, ఇక్కడ బండను నేను. ఆ తేడా నాకు అప్పుడే అర్థమైంది.

డాక్టరమ్మ, బెలూను సరిగ్గా చేరింది, ఇప్పుడు షాక్ ఇస్తున్నాం, కదలొద్దు అంది. కాలు కదపలేదు. నోరు కదిలింది. ఇన్నేళ్ల అలవాటు, నా ప్రమేయం లేకుండా వచ్చేసింది. గనిలో అరిచినట్టే, గొంతు చించుకుని, మూడుసార్లు.

"షాట్ ఉంది, జరుగుండ్రి!"

ఆ గదిలో మిషన్ చూసే టెక్నీషియన్ ఒకాయన ఉన్నాడు. మొదటి అరుపుకే ఆయన చేతిలోది వదిలేశాడు, రెండో అరుపుకు తలుపు తీశాడు, మూడో అరుపుకు గదిలో లేడు. నర్సు నా మొహం చూసింది, డాక్టరమ్మ తలుపు చూసింది. కాసేపటికి ఆయన తల వంచుకుని లోపలికి వచ్చాడు. ఇల్లెందు గనుల కాలనీలో పుట్టి పెరిగాడట, ఆ కేక వినపడితే పరుగెత్తాలని చిన్నప్పుడే నేర్పారట. మాస్కు వెనక నుంచి మెల్లగా, మీది ఏ గని సార్ అని అడిగాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి ఒక నిమిషం చేతులు దూరంగా పెట్టి నిలబడింది. ఆ తరువాత నా తొడలో టకటకమని చిన్న చిన్న దెబ్బలు తగిలాయి. ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు. మందు బెలూను కూడా అయ్యాక తెర మీద చూపించింది. వాగు పారుతోంది. స్టెంటు అవసరం పడలేదంది.

బీడీ ముట్టుకుంటే మళ్లీ పూడుతుందని, మాత్రలు మానొద్దని, నడక మానొద్దని హెచ్చరించి పంపింది. సిలువ మోయొచ్చా అంటే, గుడ్ ఫ్రైడేకు ఇంకా చాలా రోజులున్నాయి కాబట్టి మోయొచ్చు, కానీ మొదటినుంచీ తోక పట్టేవాడు ఉండాలి అని షరతు పెట్టింది. ఇంటికి వచ్చాక ఆ మాట బామ్మర్దికి చెప్పాను. వాడు, అయితే ఈసారి గూడ తోకే అన్నమాట అన్నాడు. వాడికి కోపం కంటే దిగులు ఎక్కువున్నట్టు అనిపించింది. ఎందుకో ఆలోచించలేదు. గెలిచిన సంతోషంలో ఉన్నాను.

గుడ్ ఫ్రైడే పొద్దున సిలువ భుజానికి ఎత్తుకున్నాను. ఎంత హాయి! పిక్క అనేదొకటి ఉందనే మరిచిపోయాను. స్థలాల దగ్గర గబగబా మోకరించి గబగబా లేచాను. మూడో స్థలం దాటేసరికి ఫాదర్‌గారు పరుగులాంటి నడక నడుస్తున్నారు. మెల్లగా పొమ్మని కబురు పంపారు, ప్రతిదీ టైముకు కావాలనే ఆయనే. వెనకనుంచి ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. కిందటేడు ఎంత భక్తిగా మోసిండు, ఈ ఏడు బస్సు దొరకదన్నట్టు ఉరుకుతుండు అంటున్నారు. నా భార్య కూడా అవ్, అవ్ అంటోంది. కాలు బాగయ్యేసరికి నా భక్తి పోయింది.

గుట్ట ఎక్కుడు మొదలైంది. అప్పుడు తోక బరువెక్కింది. సిలువ వెనక్కి లాగుతోంది. బామ్మర్ది కావాలనే చేస్తున్నాడనుకున్నాను. ఇంకాస్త గట్టిగా లాగాను. కాసేపు తేలికయ్యింది, మళ్లీ లాగింది. ఇలా రెండుమూడు సార్లు జరిగింది. ఆ నొప్పి తెలిసినవాణ్ణి కాబట్టి నాకు లెక్క అందింది. దాదాపు ఒకే దూరానికి ఒకసారి.

వెనక్కి తిరిగి చూశాను. వాడు ఆకాశంలోకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ఎవరు చూసినా ప్రార్థన అనుకుంటారు. కుడి పాదం నేలకు ఆనించలేక ఆనిస్తున్నాడు. మొహంలో చెమట, దవడ బిగబట్టి ఉంది. నా వీడియోలో నా మొహం అచ్చంగా అదే.

ఈసారి ముందు భాగం దొరకలేదని వాడికి అంత దిగులెందుకో అప్పుడు తెలిసింది. ముందు మోసేవాడు ఇష్టమొచ్చినచోట ఆగొచ్చు. తోక పట్టినవాడు నడవాల్సిందే. నాకు వాడి మీద చచ్చేంత కోపమొచ్చింది, ఇంత దాచినందుకు. నా మీద నాకు ఇంకా ఎక్కువ వచ్చింది, పొద్దుటి నుంచి వాణ్ణి అలా ఈడ్చుకొచ్చినందుకు.

నడిదారిలో, స్థలం ఇంకా చాలా దూరంలో ఉండగా ఆగిపోయాను. సిలువ దించి, దాన్ని పట్టుకుని తల వంచుకున్నాను. వెనక ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. ఫాదర్‌గారు కంగారుగా ముందుకొచ్చి, కాలా అని అడిగారు. అవ్ ఫాదర్, కాలే అన్నాను. ఎవరిదని ఆయన అడగలేదు. ఇంకో పాట ఎత్తుకోమని జనానికి చెప్పి, ఆయన ఒక బండ మీద కూర్చున్నారు.

పాట చప్పుడులో బామ్మర్ది నా పక్కకు జరిగాడు. నేనే అడిగాను.

"ఎన్నటి సంది?"

"నువ్వు మైదానంల తిరుగుడు షురూ చెయ్యకముందు సంది" అన్నాడు. ఆ పిట్టగోడ మీద కూర్చుని నన్ను ఎక్కిరించిన రోజులన్నీ నాకు కళ్లముందు కనపడ్డాయి. తిట్టడానికి నోరు తెరిచాను. వాడు నన్ను మాట్లాడనివ్వలేదు. చిన్నగా, ఇంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో అడిగాడు.

"గా తీగ పెట్టేటప్పుడు నీకు భయమైందా బావా?"

వాణ్ణి ఏడిపించడానికి ఇంతకంటే మంచి సందు జీవితంలో మళ్లీ దొరకదు. భయమా, నాకా అంటే సరిపోయేది. కానీ ఆ బల్ల మీద పడుకున్నప్పుడు కాలు తీసేస్తారేమోనన్న భయం నన్ను వదల్లేదు. ఆ మాట నా భార్యకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనలో ఫాదర్‌గారికి కూడా చెప్పలేదు.

"మస్తు భయమైంది రా" అన్నాను. "నేనొస్త నీ ఎంట."

వాడు కొంగు లేదు కాబట్టి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. పాట అయిపోయింది. ఫాదర్‌గారు వాచీ చూసుకుని లేచారు. వాణ్ణి ముందుకు రమ్మని, నేను వెనక్కి పోయి తోక పట్టుకున్నాను.